ఎండకూ ఏసీకీ మధ్య చేతి గడియారం

చేతి గడియారాలకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఓ) పెట్టిన పరీక్షల్లో చాలా తేలికైనది ఒకటుంది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడి ఉన్న పలక మీద పెడతారు. లోపలి దాకా ఆ వేడి పట్టాక, అద్దం మీద మామూలు చల్లటి నీటిబొట్టు ఒకటి వేస్తారు. నిమిషం సేపు ఆగి, బొట్టు తుడిచి చూస్తారు. అద్దం లోపలివైపు ఆవిరి మసక కనిపించిందా, ఆ వాచీ తప్పినట్టే. దాని లోపలికి తేమ చేరిందని అర్థం.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖతర్ రాజధాని దోహాలో ఉండే ప్రతి వాచీ ఈ పరీక్షకు రోజూ ఎన్నోసార్లు కూర్చుంటుంది. బయట 42, 45 డిగ్రీల ఎండ. బస్సెక్కితే ఏసీ, దిగితే మళ్లీ ఎండ. మాల్ తలుపు దాటగానే 21 డిగ్రీలు. 2010 జులైలో దోహాలో 50.4 డిగ్రీలు నమోదయ్యాయి. సముద్రం వైపు నుంచి గాలి తిరిగిన రోజున చొక్కా ఒంటికి అతుక్కుపోయేంత ఉక్కపోత. ప్రయోగశాలలో పలకతోనూ నీటిబొట్టుతోనూ చేసే పని అక్కడ వాతావరణమే చేసేస్తుంది.

ఖతర్‌లో ఉన్న విదేశీయుల్లో భారతీయులదే అతి పెద్ద సంఖ్య. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపుల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు అందులో ఎందరో. భవనాలు కట్టేవాళ్లు, బండ్లు నడిపేవాళ్లు, ఆసుపత్రుల్లో నర్సులు, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో ఇంజినీర్లు. జీతం చేతికొచ్చిన మొదటి నెలల్లో కొనుక్కునే వస్తువుల్లో వాచీ ఒకటి. సెలవు మీద ఊరికెళ్లేటప్పుడు నాన్నకో, తమ్ముడికో, బావకో పెట్టెలో పెట్టుకెళ్లేదీ అదే. అలాంటి వస్తువు రెండేళ్లకే మూలపడితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. అది అంత త్వరగా పాడవ్వాల్సిన అవసరం కూడా లేదు. గల్ఫ్‌లో వాచీలను తినేసేవి పెద్ద ప్రమాదాలు కావు. వేడి, తేమ, ఇసుక, చెమట, ఏసీ గది తలుపు: ఇవి రోజూ కొంచెం కొంచెంగా చేసే పనే. ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఆపడానికి పెద్దగా ఖర్చు కాదు.

లోపల చిక్కుకున్న గాలి

ఏ వాచీలోనైనా ముళ్లకూ అద్దానికీ మధ్య, యంత్రం చుట్టూ కొంత గాలి ఉంటుంది. వాచీని ఆఖరిసారి ఎక్కడ మూశారో అక్కడి గాలే అది. ఫ్యాక్టరీలో మూస్తే పొడిగాలి. ఆగస్టు సాయంత్రం వీధి పక్కన బల్ల మీద సెల్లు మార్పించుకుంటే, ఆ వీధి ఉక్కపోత కూడా మూతతో పాటు లోపల బిగుసుకుపోతుంది.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి దాదాపు 30 గ్రాముల ఆవిరిని పట్టుకుంటుంది. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములకు మించి మోయలేదు. మిగిలిన 13 గ్రాములు ఎక్కడో ఒకచోట నీరుగా దిగాల్సిందే. గాలి తన తేమను వదిలెయ్యడం మొదలుపెట్టే ఆ ఉష్ణోగ్రతనే తుషార స్థానం, లేదా మంచు బిందువు అంటారు. మన ఊళ్లలో వానాకాలంలో కూడా అది సాధారణంగా 25, 26 డిగ్రీల చుట్టూ ఉంటుంది. గల్ఫ్ తీరంలో వేసవిలో 30 దాటే రోజులున్నాయి. దోహాకు రెండొందల కిలోమీటర్ల లోపే ఉన్న సౌదీ నగరం ధహ్రాన్‌లో 2003 జులై 8న అది 35 డిగ్రీలకు చేరింది. భూమి మీద ఇప్పటిదాకా నమోదైన వాటిలో అత్యధికంగా చెప్పే తుషార స్థానం అదే.

ఇప్పుడు ఆ గాలి వాచీలో ఉందనుకుని, మాల్‌లోకి అడుగు పెట్టండి. వాచీ వెనక మూత మణికట్టుకు ఆని ఉంటుంది కనుక వెచ్చగానే ఉంటుంది. చల్లగాలి ముందుగా తగిలేది అద్దానికి. లోపలి ఆవిరి వెతుక్కునేది చల్లటి తావునే కాబట్టి అద్దం లోపలివైపు మసక కడుతుంది. ఇదే మనిషి సాయంత్రం ఏసీ గదిలోంచి బయటికొస్తే అద్దం పైవైపు మసకబారుతుంది. అది బయటి తేమ. గుడ్డతో తుడిస్తే పోతుంది, దానితో భయం లేదు. తుడిచినా పోని మసక ఉంటే అది లోపలిది. ఈ రెండింటినీ వేరుచేసి గుర్తుపట్టడం గల్ఫ్‌లో వాచీ పెట్టుకునే ప్రతి ఒక్కరూ నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

వేడికీ చలికీ మధ్య ఇంకో సంగతి జరుగుతుంది, అది కంటికి కనబడదు. మూసిన డబ్బాలో గాలి 45 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు చల్లబడితే దాని ఒత్తిడి సుమారు 8 శాతం తగ్గుతుంది. ఎండలోంచి వచ్చి, వాచీ విప్పి ఏసీ గదిలో బల్ల మీద పెట్టారంటే కాసేపట్లో జరిగేది ఇదే. బయటి గాలి ఆ వాచీ అతుకుల మీద లోపలికి నెడుతుంది. ఆ నెట్టుడు 80 సెంటీమీటర్ల లోతు నీళ్లలో ఉన్నప్పటి ఒత్తిడికి సమానం. మూత అంచున ఉండే రబ్బరు రింగు బాగుంటే ఏమీ కాదు. ఎక్కడైనా సన్నటి సందు ఉంటే గాలీ దానితో తేమా లోపలికి వెళ్తాయి. మళ్లీ వేడెక్కినప్పుడు కొంత గాలి బయటికొస్తుంది. రోజుకు పలుమార్లు, వేసవి నెలల పొడుగునా ఇది సాగుతుంది. ఈత కొలను ముఖం చూడని వాచీలో కూడా చెమ్మ ఎలా చేరిందని యజమాని ఆశ్చర్యపోతాడు. కారణం ఇదే.

లోపలికి చేరిన నీరు మసక కట్టి ఊరుకోదు. కీ ఇచ్చే వాచీల్లోనూ ఆటోమేటిక్ వాచీల్లోనూ చిన్న చిన్న ఉక్కు ఇరుసులు, మరలు ఉంటాయి. వాటికి తుప్పు పడుతుంది. ఆ తుప్పు పొడి నూనెలో కలిసి పళ్లచక్రాలను అరగదీస్తుంది. సెల్లు వాచీల్లో సర్క్యూట్ మీది రాగి దారులు, సెల్లు తగిలే రేకులు చిలుము పడతాయి. డయల్ మీద మచ్చలొస్తాయి, ముళ్ల మీది మెరిసే పూత నల్లబడుతుంది.

మసక ఒక్కసారి వచ్చి కొద్ది నిమిషాల్లో పోతే, సెల్లు మార్చేటప్పుడు చిక్కుకున్న తేమ కావచ్చు. మళ్లీ మళ్లీ వస్తున్నా, గంటల తరబడి నిలిచినా రబ్బరు రింగు చెడినట్టే. బియ్యం డబ్బాలో పెడితే పెద్దగా ఉపయోగం లేదు, ఎందుకంటే తేమ మూసిన మూత వెనక ఉంది. ఎండలో పెడితే ఆవిరి యంత్రంలోకి ఇంకా లోతుగా పాకుతుంది. మూత తీసి, ఆరబెట్టి, రింగు మార్చడమే మందు. లోపలికి వెళ్లినవి ఉప్పునీళ్లయితే ఆ రోజో మర్నాడో బాగుచేసేవారి చేతికి చేరాలి. సెల్లు మార్పించుకోవడానికి ఏసీ ఉన్న దుకాణాన్ని ఎంచుకోండి. ఆ గదిలోని పొడిగాలే మీ వాచీలో ఉండిపోతుంది.

వెనక మూత మీది మీటర్లు

వాచీ వెనక 30 మీటర్లు అని రాసి ఉంటే ముప్పై మీటర్ల లోతుకు దూకవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ అంకె లోతును సూచించదు, ఒత్తిడిని సూచిస్తుంది. నీళ్లలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 30 మీటర్లంటే, కొత్త వాచీ కదలకుండా ఉన్నప్పుడు మూడు వాతావరణాల ఒత్తిడి తట్టుకుందని. 2010లో వచ్చిన ఐఎస్‌ఓ 22810 ప్రమాణం రోజువారీ వాచీలకు సంబంధించినది. డైవింగ్ వాచీలకు ఐఎస్‌ఓ 6425 అని వేరే ఉంది. అందులో కనీసం 100 మీటర్లు ఉండాలి, పైగా రాసిన దానికంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తారు.

వాడుకలో ఇలా గుర్తుపెట్టుకోవచ్చు. 30 మీటర్లంటే చేతులు కడుక్కోవచ్చు, చినుకుల్లో తడవొచ్చు. 50 మీటర్ల వాచీతో నెమ్మదిగా ఈదవచ్చు. సముద్ర స్నానానికి 100 మీటర్లు కావాలి. అదీ రబ్బరు రింగులు బాగున్నంత కాలమే.

ఈ రబ్బరు రింగు మన వంటింటి కుక్కర్ మూత రబ్బరు లాంటిది. కొత్తలో మెత్తగా సందంతా పూడ్చేస్తుంది. వేడి తగిలీ తగిలీ గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుని, ఒకరోజు పక్కనుంచి ఆవిరి వదిలేస్తుంది. వాచీలో ఆ రింగు మందం మిల్లీమీటరు కంటే తక్కువ. సబ్బు, క్లోరిన్, ఎండకు రాసుకునే క్రీములు, సెంట్లు దాన్ని ఇంకా త్వరగా పాడుచేస్తాయి. ఐదేళ్ల క్రితం 50 మీటర్లు తట్టుకున్న వాచీ ఇవాళ కొళాయి ధారకే లొంగిపోవచ్చు. మూత మీది అంకె మాత్రం మారదు.

ఖతర్‌లో వేసవిలో ఇంకో ఇబ్బంది ఉంది. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు పగలంతా ఎండకు కాగి, చన్నీళ్ల కొళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి. ఆ నీళ్లతో, సబ్బుతో స్నానం చేస్తూ వాచీ ఉంచుకుంటే రింగుకు వేడీ సబ్బూ రెండూ తగులుతాయి. స్నానానికి ముందు విప్పెయ్యండి. రోజుకు ఐదుసార్లు నమాజుకు ముందు వుజూ చేసుకునేవాళ్లు, ప్రతిసారీ వాచీ మోచేతి వైపు జరిపే బదులు తీసి జేబులో పెట్టుకుంటే రింగుకూ మంచిది, సాగిపోయే బెల్టుకూ మంచిది.

నీళ్లు లోపలికి వెళ్లే ప్రధాన ద్వారం పక్కనుండే కీ. టైము మార్చడానికి దాన్ని లాగుతాం. లాగి ఉన్నంతసేపూ వాచీ తెరుచుకుని ఉన్నట్టే లెక్క. ఖతర్‌కూ మనకూ రెండున్నర గంటల తేడా కాబట్టి ప్రతి ప్రయాణంలో విమానం దిగగానే అందరూ చేసే పని ముళ్లు తిప్పుకోవడం. తిప్పాక కీని పూర్తిగా లోపలికి నొక్కారా, మర ఉన్న కీ అయితే బిగించారా అని చూసుకోండి. మరతో బిగించే కీని జనానికి నమ్మకంగా చేర్చింది రోలెక్స్ వారి 1926 నాటి ఆయిస్టర్. 1927 అక్టోబరులో మెర్సిడిస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఆ వాచీని మెడలో వేసుకుని ఇంగ్లిష్ ఛానెల్ చన్నీళ్లలో గంటల తరబడి ఈదింది, వాచీ ఆగలేదు. ఆ మర బిగించి ఉండబట్టే అది నిలిచింది. నీళ్లలో ఉండగా కీ తిప్పడం, క్రోనోగ్రాఫ్ బొత్తాలు నొక్కడం ఎంత పెద్ద డైవింగ్ వాచీతోనైనా చెయ్యకూడదు.

ఇసుకలో దాగిన గట్టితనం

ఖతర్ మీదికి వాయవ్యం నుంచి వీచే గాలిని అక్కడ షమాల్ అంటారు. వేసవి మొదట్లో అది రోజుల తరబడి దుమ్ము రేపుతుంది. కారు అద్దం మీద, కిటికీ సందుల్లో, వాచీ చైను కీళ్లలో పొడి పేరుకుంటుంది. ఆ పొడిని చొక్కా అంచుతో ఒక్క తుడుపు తుడిచేస్తాం. గీతలు పడేది సరిగ్గా అప్పుడే.

ఒక వస్తువు మరో వస్తువును గియ్యగలదా లేదా అన్నది వాటి గట్టితనం చెబుతుంది. 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ ఒకటి నుంచి పది దాకా వరస పెట్టాడు. వజ్రం పది. ఇసుకలో ఉండే క్వార్ట్‌జ్ ఏడు. సున్నపురాయిలోని కాల్సైట్ మూడు. ఇక వాచీ అద్దాలు: ప్లాస్టిక్ అద్దం సుమారు మూడు, మినరల్ గ్లాస్ ఐదున్నర, ఆరు, సఫైర్ తొమ్మిది. గల్ఫ్ దుమ్ములో సున్నపు రేణువులూ క్వార్ట్‌జ్ రేణువులూ కలిసి ఉంటాయి. సున్నపు రేణువు మినరల్ గ్లాస్‌ను ఏమీ చెయ్యలేదు. పక్కనున్న క్వార్ట్‌జ్ రేణువు గీస్తుంది. ఏది ఏదో కంటికి తెలియదు కనుక రెండింటినీ క్వార్ట్‌జ్ అనుకునే మెలగాలి. మెసయీద్ దగ్గర ఇసుక దిబ్బల మీద బండి విహారానికి వెళ్లొచ్చిన సాయంత్రం ఈ జాగ్రత్త మరీ అవసరం.

ముందు ఊదాలి, లేదా మెత్తటి కుంచెతో దులపాలి. తరవాత నీళ్లకు తట్టుకునే వాచీ అయితే చల్లారిన నీళ్లతో కడగాలి. తుడవడం అన్నిటికన్నా చివర. ఈ వరస పాటిస్తే మినరల్ గ్లాస్ వాచీ కూడా ఏళ్ల తరబడి తేటగా ఉంటుంది.

సఫైర్ అద్దం అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం. కెంపూ నీలమూ ఆ పదార్థమే. దాన్ని కృత్రిమంగా పెంచే పద్ధతిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్త్ వెర్న్యూయ్ 1902లో ప్రకటించాడు. రెండువేల డిగ్రీలు దాటిన మంటలోంచి పొడిని రాల్చి, కరిగించి, చుక్క చుక్కగా స్ఫటికం కట్టిస్తారు. వాచీ లోపలి ఇరుసులు తిరిగే కెంపు రాళ్లు కూడా అలా తయారైనవే. మన ఇళ్లల్లో గల్ఫ్ వాచీ అనగానే గుర్తొచ్చే రాడో, 1962లో డయాస్టార్ పేరుతో టంగ్‌స్టన్ కార్బైడ్ ఒంటికి సఫైర్ అద్దం జోడించింది. దశాబ్దాలు గడిచినా ఆ వాచీలు మెరుస్తూ ఉండటానికి కారణం ఆ పదార్థాల గట్టితనమే.

గట్టితనం వేరు, దెబ్బ తట్టుకోవడం వేరు. సఫైర్‌కు ఇసుక గీత పడదు కానీ గచ్చు అంచుకు తగిలితే పెచ్చు లేస్తుంది. ప్లాస్టిక్ అద్దం గీతలు పడుతుంది కానీ అంత తేలిగ్గా పగలదు. నిర్మాణ స్థలంలో పనిచేసే మనిషికీ కార్యాలయంలో కూర్చునే మనిషికీ ఒకే అద్దం నప్పదు.

చెమట, ఉప్పు, అత్తరు

చెమటలో ఉప్పుంది. గల్ఫ్ గాలిలోనూ ఉంది. మహాసముద్రాల నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, లోతు తక్కువై, ఎండకు ఆవిరయ్యే నీరు ఎక్కువై గల్ఫ్‌లో అది 40 దాటుతుంది. ఉప్పులోని క్లోరైడ్ స్టీలుకు శత్రువు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీద తనంతట తాను ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర. క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. బయటికి కనబడే చోట గాలిలోని ఆక్సిజన్ ఆ పొరను మళ్లీ కడుతుంది. చైను కీళ్ల మధ్య, వెనక మూత అంచు కింద చెమట నిలిచిపోయి ఆక్సిజన్ అందదు. పొర తిరిగి కట్టదు, అక్కడ గుంటలు పడతాయి. మంచి వాచీలకు 316ఎల్ అనే రకం వాడేది అందుకే. అందులో కలిపిన మాలిబ్డినం క్లోరైడ్‌ను అడ్డుకుంటుంది.

చవక వాచీల్లో ఒళ్లు ఇత్తడి లాంటి లోహంతో చేసి పైన మెరుగుపూత వేస్తారు. వెనక మూత మాత్రం స్టీలు. పూత అరిగిన చోట చెమట తగిలి పచ్చటి చిలుము పడుతుంది. రెండు వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే విద్యుత్ ప్రవాహం పుట్టి, వాటిలో తేలిగ్గా చర్య జరిపే లోహం త్వరగా కరిగిపోతుంది. పూతలోని నికెల్ పడక కొందరికి మణికట్టు మీద దద్దుర్లు కూడా వస్తాయి.

దీనికి విరుగుడు నీళ్లే. ఖతర్‌లో ఇళ్లకు వచ్చే నీరు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసేసింది, కాబట్టి కడగడానికి చక్కగా పనికొస్తుంది. వేసవిలో ఆ నీటిని గిన్నెలో పట్టి గదిలో చల్లారనివ్వండి. కీ లోపలికి నొక్కి ఉందని చూసుకుని, మెత్తటి బ్రష్షుతో చైను కీళ్లనూ మూత అంచునూ వారానికోసారి కడిగి, పొడిగుడ్డతో ఒత్తండి. బయట పనిచేసేవాళ్లయితే రోజూ. నీళ్లకు తట్టుకోని పాత వాచీని తడిగుడ్డతో తుడిస్తే చాలు.

తోలు బెల్టు చెమట పీల్చుకుని గట్టిపడి, వాసన పట్టి, చివరికి పిన్ను దగ్గర తెగుతుంది. గల్ఫ్ వేసవికి రబ్బరు, నైలాను, స్టీలు మేలు. తోలు మీద ఇష్టమైతే చల్లని నెలలకు దాచుకోండి, లేదా రెండు బెల్టులు మార్చి మార్చి వాడండి. ఒకటి వాడుతుంటే రెండోది పూర్తిగా ఆరుతుంది.

అత్తరు, ఊద్ దోహాలో నిత్య జీవితంలో భాగం. రాసుకునేది తరచుగా మణికట్టుకే. వాటిలోని నూనెలు తోలును మచ్చపరుస్తాయి, రబ్బరును ఉబ్బిస్తాయి. స్ప్రే సెంట్లలోనూ చేతులు శుభ్రం చేసుకునే ద్రవాల్లోనూ ఉండే ఆల్కహాల్ ప్లాస్టిక్ అద్దంలో సన్నటి పగుళ్లు పుట్టిస్తుంది. అత్తరు ముందు, అది ఆరాక వాచీ: ఈ క్రమం తప్పకపోతే చాలు.

ఎండలో నిలిపిన బండి

వాచీ విప్పి కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి వెళ్లిపోవడం డ్రైవర్లకు అలవాటు. ఖతర్ మధ్యాహ్నంలో అద్దాలు మూసిన కారులో ఆ తావు 70 డిగ్రీలకు చేరడం వింత కాదు. బయటి ఎండ ఎలాంటిదంటే, 2021 నుంచి జూన్ 1, సెప్టెంబరు 15 మధ్య ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించడాన్ని ఆ దేశం నిషేధించింది. మనుషులకు తగని ఆ గంటలు వాచీలకూ తగవు.

సెల్లు వాచీకి గుండెకాయ క్వార్ట్‌జ్ ముక్క. సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. రెండును పదిహేనుసార్లు గుణిస్తే వచ్చే అంకె అది. దాన్ని సగం సగం చేస్తూ పోతే సెకనుకు ఒక్క అడుగు మిగులుతుంది. ఆ ముక్కను 25 డిగ్రీల చుట్టుపక్కల సరిగ్గా నడిచేలా కోస్తారు. వేడెక్కినా చల్లబడినా అది నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదింపు ఉష్ణోగ్రత తేడా వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. చేతికి పెట్టుకున్న వాచీని ఒంటి వెచ్చదనం 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంచుతుంది కాబట్టి తేడా తెలియదు. 45 డిగ్రీల గదిలో వదిలేస్తే రోజుకు సెకను పైచిలుకు, 70 డిగ్రీల డ్యాష్‌బోర్డు మీద ఆరు సెకన్ల లెక్కన వెనకబడుతుంది. చల్లబడగానే నడక సరిపోతుంది కనుక ఇది శాశ్వత నష్టం కాదు.

శాశ్వతమైనవి వేరే ఉన్నాయి. అంకెల వాచీ తెర అంత వేడిలో నల్లబడుతుంది. చల్లారితే మామూలుగా తిరిగొస్తుంది కానీ పదే పదే జరిగితే తెర దెబ్బతింటుంది. ఆటోమేటిక్ వాచీలో నూనె పలచబడి, ఉండాల్సిన చోటి నుంచి జారిపోతుంది. రబ్బరు గట్టిపడుతుంది. సెల్లు కారే ప్రమాదం పెరుగుతుంది. వాచీ సెల్లులో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్ లాంటి ఘాటైన క్షారం. బయటికొస్తే సర్క్యూట్‌ను తినేస్తుంది. ఆగిపోయిన వాచీని సెల్లుతో సహా పెట్టె అడుగున దాచి, రెండేళ్ల తరవాత ఊళ్లో తెరిచినవాళ్లకు కనబడే తెల్లటి పెచ్చు అదే. వాచీ ఆగిన వారంలోపే సెల్లు తీయించెయ్యండి.

దెబ్బ, అయస్కాంతం

దోహా గదుల్లో నేల ఎక్కువగా టైల్స్. మీటరు ఎత్తు నుంచి జారిన వాచీ సెకనుకు 4.4 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. నష్టం ఆ వేగం వల్ల కంటే అది ఎంత దూరంలో ఆగిందన్న దానివల్ల ఎక్కువ. తివాచీ మీద సెంటీమీటరు మేర అణిగి ఆగితే యంత్రం మీద పడేది భూమ్యాకర్షణకు వంద రెట్లు. టైల్ మీద మిల్లీమీటరులో ఐదో వంతులో ఆగిపోతే ఐదువేల రెట్లు. దెబ్బ తట్టుకుంటుందని చెప్పుకునే వాచీలకు ఐఎస్‌ఓ 1413 పెట్టే పరీక్ష, మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క నేల మీద పడినంత దెబ్బ. టైల్ చెక్క కంటే కఠినం. మంచం పక్కన బల్ల మీద ఒక మడత గుడ్డ పరిచి దాని మీద వాచీ పెట్టే అలవాటు ఈ లెక్క వల్లనే విలువైనది.

ఆటోమేటిక్ వాచీలో ఊగే చక్రం ఇరుసు కొన మందం మిల్లీమీటరులో పదో వంతు లోపే. దాన్ని కాపాడటానికి 1930ల నుంచి కెంపు రాళ్లను చిన్న స్ప్రింగుల మీద కూర్చోబెడుతున్నారు. మొత్తం యంత్రాన్నే అలా తేలించిన వాచీ 1983లో వచ్చిన క్యాసియో జీ-షాక్. నాన్న ఇచ్చిన వాచీ కింద పడి పగిలిన బాధ నుంచి ఇంజినీరు కికువో ఇబే ఆ పని మొదలుపెట్టాడు. దాదాపు 200 నమూనాలను మూడో అంతస్తు కిటికీ నుంచి పడేసి చూశాడు. బంతి లోపల తేలుతూ ఉన్న వస్తువుకు దెబ్బ తగలదన్న ఆలోచనతో, యంత్రాన్ని కొద్ది చోట్ల మాత్రమే ఆనేట్టు పట్టి చుట్టూ ఖాళీ వదిలాడు. సుత్తి, డ్రిల్లు పట్టే చేతులకు ఆ రకం వాచీయే తగినది. ఆటోమేటిక్ వాచీని అలాంటి పనిలో చేతికి ఉంచుకోవద్దు.

వాచీ కింద పడటానికి చాలాసార్లు కారణం బెల్టును పట్టే సన్నని పిన్ను. చెమటకు దాని లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది. బెల్టు మార్చిన ప్రతిసారీ పిన్నులూ మార్పించుకోండి. అవి చాలా చవక.

ఇక అయస్కాంతం. ఫోను కవరు మూత, స్పీకరు, హ్యాండ్‌బ్యాగు బొత్తం, ట్యాబ్లెట్ కవరు, అన్నింట్లోనూ అది ఉంది. ఆటోమేటిక్ వాచీలో వెంట్రుక లాంటి స్ప్రింగు చుట్లు అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అంటుకుంటే వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెత్తుతుంది. ఐఎస్‌ఓ 764 ప్రమాణం కోరే తట్టుకునే శక్తి మీటరుకు 4,800 ఆంపియర్లు. అయస్కాంతానికి ఆనించి పెడితే క్షేత్రం దాన్ని సులువుగా దాటుతుంది. దూరం రెట్టింపయితే క్షేత్రం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి జానెడు దూరం ఉంచితే చాలు. అయస్కాంతం పట్టినా భయం లేదు, బాగుచేసే దుకాణంలో నిమిషంలో తీసేస్తారు.

వేసవికి ముందు ఒక ప్రశ్న

దోహాలో ఏటా నగల, గడియారాల ప్రదర్శన జరుగుతుంది. ఖతర్ సాంస్కృతిక మంత్రిగా పనిచేసిన షేక్ సౌద్ బిన్ మహమ్మద్ అల్ థానీ దగ్గర పటెక్ ఫిలిప్ వారి హెన్రీ గ్రేవ్స్ జేబు గడియారం ఉండేది. ఆయన 2014 నవంబరులో చనిపోయిన రెండు రోజులకు అది జెనీవా వేలంలో 2.3 కోట్ల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. పారిశ్రామిక వాడ బస గదిలో ఒక కుర్రాడి చేతికున్న యాభై రియాళ్ల వాచీకీ, దానికీ ధరలో పోలిక లేదు. తేమ, ఉప్పు, వేడి విషయంలో మాత్రం రెండింటికీ భౌతికశాస్త్రం ఒకటే. ఆ జేబు గడియారాన్ని చూసుకోవడానికి నిపుణులుంటారు. కుర్రాడి వాచీకి దాని యజమాని ఒక్కడే దిక్కు. అందుకే ఈ సంగతులు అతనికే ఎక్కువ తెలియాలి.

వీటన్నిటిలో ఒకే ఒక్క పని చెయ్యగలిగితే, ఏటా ఏప్రిల్‌లో, లేదా సెల్లు మార్పించుకున్నప్పుడల్లా, దుకాణంలో ఒక ప్రశ్న అడగండి: "మూత పెట్టాక ప్రెషర్ టెస్టు చేస్తారా?" అది గాలితో చేసే పరీక్ష. వాచీని చిన్న గదిలాంటి యంత్రంలో పెట్టి ఒత్తిడి పెంచుతారు. బిగువుగా ఉన్న వాచీ ఒళ్లు ఆ ఒత్తిడికి మైక్రాన్ల మేర నొక్కుకుని అలాగే ఉంటుంది. సందు ఉంటే గాలి లోపలికి చేరి తిరిగి ఉబ్బుతుంది. నీటిచుక్క తగలకుండానే లోపం తెలిసిపోతుంది. చేస్తామన్న దుకాణంలోనే మూత తీయించండి, తీసిన ప్రతిసారీ కొత్త రబ్బరు రింగు వేయించండి. ఆ రింగు ఖరీదు వాచీ ఖరీదులో లెక్కలోకి రానంత చిన్నది. గల్ఫ్ వేసవికీ మీ వాచీకీ మధ్య అడ్డుగా నిలబడేది మాత్రం అదే.